గుమ్మం దగ్గర మాట

విదేశాంగ శాఖలో ఒక అలవాటుంది. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నేర్పరు, అయినా ప్యూను దగ్గర్నుంచి మంత్రి దాకా అందరికీ తెలుసు. బయటి దేశం నుంచి పెద్దమనిషి ఎవరైనా వచ్చినప్పుడు, చెప్పుకోవడానికి ఇంపుగా ఉండే సంగతులన్నీ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడతారు. ధాన్యం, రైలు పెట్టెలు, ఓడరేవు, అన్నీ కుర్చీల్లోనే. ఇబ్బంది పెట్టే సంగతి మాత్రం అందరూ లేచాక, కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు వైపు నడుస్తున్నప్పుడు, గుమ్మం దగ్గర, ఫొటోలవాళ్ళ సందడిలో ఒక ముక్క చెవిన వేస్తారు. అవతలి మనిషి తలాడిస్తాడు. విని ఆడించాడో, మెడ పట్టేసి ఆడించాడో దేవుడికే తెలియాలి. సాయంత్రం విలేకరులు అడిగితే "ఆ విషయం ప్రస్తావించాం" అంటారు. ప్రస్తావించిన మాట నిజమే కదా మరి! అబద్ధమని ఎవరనగలరు?

అలాంటి గుమ్మం మాటల్ని ఏళ్ళ తరబడి అవతలి భాషలోకి మార్చి చెప్పింది మన దుభాషి. చిన్నప్పుడే తల్లి చెయ్యి పట్టుకుని ఆ దేశం నుంచి ఈ దేశం వచ్చేసిన మనిషి. రెండు భాషలూ ఆమెకు కూడా పుట్టినట్టే ఉంటాయి. ఎవరేమన్నా ఒక్క మాట మింగదు, ఒక్క మాట కలపదు. మంత్రి దగ్గితే దగ్గు ఒక్కటే వదిలేస్తుందని ఆఫీసులో వేళాకోళం. ఆ పేరు నిలబెట్టుకోవడం కోసం ఆమె ఎన్నిసార్లు పళ్ళు బిగబట్టుకుని ఊరుకుందో ఎవరికీ తెలియదు.

ఆ దేశపు మంత్రి ఒప్పందం మీద సంతకానికి వస్తున్నాడని తెలిసిన వారం, దుభాషి తన నల్లకోటు పట్టుకుని బట్టలు సరిచేసే కొట్టుకి వెళ్ళింది. కోటు చేతులు కాస్త పొడుగున్నాయి, మడిచి కుట్టాలి. కొట్టులో కుట్టుపిల్ల ఒక్కతే ఉంది. ఆ పిల్లది కూడా ఆ దేశమే. ఆశ్రయం కోసం పారిపోయి వచ్చినప్పుడు అధికారి ముందు ఆమె గోడునంతా ఈ భాషలో చెప్పింది మన దుభాషే. అప్పట్నుంచి పిన్నీ అని పిలుస్తుంది.

"వస్తున్నాడటగా పిన్నీ?" నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగింది కుట్టుపిల్ల.

"ముందు ఆ సూదులు తియ్యవే తల్లీ, మింగేస్తావు."

తీసింది. "మా అమ్మ గురించి అడుగుతారా?"

వాళ్ళమ్మ మంత్రసాని. వాళ్ళ ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. ఆమెను పట్టుకెళ్ళిన పోలీసు కూడా అలా పడ్డవాడేనట. ఆవిడ చేసిన నేరమల్లా మతం మారడం. ఎవర్నీ మార్చలేదు, ఎవర్నీ తిట్టలేదు. తనకు నచ్చిన దేవుణ్ణి తను కొలుచుకుంది. అక్కడ అది చట్టానికి విరుద్ధం. జడ్జి గడువు పెట్టాడు. నెలాఖరులోగా కోర్టుకొచ్చి "పొరపాటైంది, పాత మతంలోకి వచ్చేశాను" అని ఒక్క మాట అంటే ఇంటికి పోవచ్చు. అనకపోతే బతుకంతా జైలే. ఆవిడ అననంది.

"అడుగుతారు," అంది దుభాషి. "మంత్రిగారు మాట్లాడాల్సిన వాటిల్లో ఉంది. నేను చూశాను."

కుట్టుపిల్ల కోటు ఒళ్ళో పెట్టుకుని భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. "ఆ జైల్లోంచి వచ్చిన ఒకావిడ చెప్పింది పిన్నీ. బయటి దేశంవాళ్ళు గట్టిగా అడిగిన వారం దుప్పట్లిస్తారట, డాక్టర్ని పంపిస్తారట. ఎవరూ అడక్కపోతే, వీళ్ళకి నా అన్నవాళ్ళు లేరని అర్థమైపోతుందట. అప్పుడింక వాళ్ళిష్టం. అడిగితే చాలు పిన్నీ. అడిగారని వాళ్ళకి తెలిస్తే చాలు."

మంత్రసాని సంగతి జాబితాలో ఉన్న మాట నిజమే, కానీ చిట్టచివర ఉంది. చిట్టచివరంటే గుమ్మం. ఆ సంగతి ఈ పిల్లకి ఏ నోటితో చెప్పేది? కోటు రేపు తీసుకుంటానని చెప్పి, దుభాషి తలవంచుకుని బయటపడింది. నడుస్తున్నంతసేపూ తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఇంట్లో తల్లి ప్రార్థన ముగించుకుని బఠాణీలు ఒలుస్తోంది. పొద్దునా సాయంత్రం ప్రార్థన తప్పని మనిషి. పాత మతమంటే ప్రాణం. కూతురు చెప్పింది విని మొహం మాడ్చుకుంది.

"ఆవిడకేం పోయేకాలం వచ్చిందే? మన దేవుడేం తక్కువ చేశాడట?"

"నాకేం తెలుసమ్మా. ఆవిడనే అడుగు."

"అడుగుతా! కనపడనీ, చెడామడా కడిగేస్తా. తాతలనాటి మతం వదిలేస్తుందా?" ఒక కాయ ఒలిచింది, రెండో కాయ పట్టుకుని ఆగింది. "జైల్లో పెడితే నేనెలా కడగనే? మధ్యలో ఈ పోలీసులెవరంట? కాపలా కాయండ్రా అని దేవుడు వాళ్ళకేమన్నా జీతమిస్తున్నాడా? నీ మంత్రిని గట్టిగా అడగమను."

"అడుగుతాడమ్మా. వెళ్ళేటప్పుడు, గుమ్మం దగ్గర."

"గుమ్మం దగ్గర అడిగేది గొడుగు మర్చిపోయారా అని! మనిషి ప్రాణం గురించి ఎవరన్నా అక్కడ అడుగుతారటే?"

దుభాషికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ కోపం మర్నాటికి కూడా చల్లారలేదు. ఆ కోపంతోనే వెళ్ళి దూదిబాబు గది తలుపు తట్టింది.

దూదిబాబు అంటే విదేశాంగ కార్యదర్శి. ఏ మాటనైనా దూదిలో చుట్టి గానీ బయటికి వదలడు కాబట్టి ఆ పేరు. మనిషి చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ తర్వాతే కాదంటాడు.

"మంత్రసాని విషయం బల్ల దగ్గర మాట్లాడాలి సార్," అంది ఆమె, టీ ముట్టుకోకుండా.

"మీ పని అనువాదం కదమ్మా," అన్నాడాయన మెత్తగా.

"అందుకే వచ్చాను సార్. గుమ్మం దగ్గర మీరు చెప్పేది వాళ్ళ చెవిలో పడుతుందో లేదో ఈ భవనంలో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. పడట్లేదు. వాళ్ళ మంత్రి నా వైపు చూడను కూడా చూడడు."

దూదిబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అరుద్దామన్నవాణ్ణే. ఒకసారి అక్కడ జైల్లో ఉన్న ఒకాయన కోసం అరిచాం కూడా. పత్రికల్లో ఖండన, సభలో తీర్మానం, అబ్బో, పెద్ద హడావిడి చేశాం. అక్కడున్న ఆ మనిషిని వారం తిరక్కుండా ఎక్కడికో మార్చేశారు. ఇప్పటికీ ఎక్కడున్నాడో తెలీదు. వాళ్ళకీ పరువుంటుంది. పదిమందిలో అడిగితే మొండికేస్తారు. అప్పట్నుంచి నాకు అరుపంటే భయం."

ఆ మాట నిజమే. దుభాషి ఒక్క క్షణం మెత్తబడింది గానీ వెనక్కి తగ్గలేదు.

"అరవమని ఎవరన్నారు సార్? అరవనూ వద్దు, గొణగనూ వద్దు. ధాన్యం గురించి ఏ గొంతుతో మాట్లాడతారో ఆ గొంతుతోనే అడగమంటున్నాను. ఊరికే 'మా విచారం' అనకుండా ఫలానాది కావాలని అడగమనండి. ఆవిడ మీకు బరువైతే మాకిచ్చెయ్యండి, వీసా సిద్ధంగా ఉంది అనొచ్చు కదా. వీసా ఉందా?"

దూదిబాబు తెల్లమొహం వేశాడు. "అది... ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నాను."

దూదిబాబు బల్ల మీది కాగితం లాక్కుని ఏదో రాసుకున్నాడు. "వీసా నేను సిద్ధం చేయిస్తాను," అన్నాడు చివరికి. "అది నా చేతిలో పని. కానీ మాట మాత్రం గుమ్మం దగ్గరే. మంత్రిగారు ఒప్పుకోరు. రైలు పెట్టెల ఒప్పందం ఇన్నేళ్ళకి కుదిరింది."

సగం దొరికిందని సంతోషించాలో, సగం పోయిందని ఏడవాలో తెలియక ఆమె చల్లారిన టీ గటగటా తాగేసి లేచింది.

సమావేశం రోజు అంతా అనుకున్నట్టే జరిగింది. పొడుగాటి బల్లకి ఇటు మన మంత్రి, దూదిబాబు, దుభాషి. అటు అతిథి మంత్రి, ఆయన పరివారం, వాళ్ళ దుభాషి. వాళ్ళ దుభాషి తల నెరిసిన పెద్దాయన. ఎంత పదునైన మాటైనా ఆయన నోట్లోంచి వచ్చేసరికి గుండ్రంగా తయారవుతుంది. ధాన్యం అయింది. ఓడరేవు అయింది. రైలు పెట్టెల దగ్గర నవ్వులు, జోకులు కూడా అయ్యాయి. భోజనం కాగానే సంతకాలన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు.

తలుపులు తెరిచారు. అవతల ఫొటోలవాళ్ళు. మన మంత్రి కోటు గుండీ పెట్టుకుంటూ, అతిథి భుజం మీద చెయ్యేసి, ఎదురుగా గోడకేసి చూస్తూ గొణిగాడు. "మరేం లేదు, మీ దగ్గర ఎవరో ఒకావిడ, మతం విషయంలో... మావాళ్ళు కొంత విచారంగా ఉన్నారు..."

దుభాషీలకు మొట్టమొదట నేర్పే నియమం ఒకటుంది. నడుస్తూ అనువదించకూడదు. మాట్లాడేవాళ్ళ మొహం కనపడాలి, మాట పూర్తవ్వాలి, అప్పుడే నోరు తెరవాలి. నేర్చుకున్న మర్నాటి నుంచే అందరూ ఆ నియమాన్ని గాలికొదిలేస్తారు. మంత్రులు నడుస్తుంటే ఆగమనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆమె ఆగింది.

గుమ్మానికి సరిగ్గా అడ్డంగా, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడిపోయింది. "సార్, నడుస్తూ అనువదించడం మా వృత్తిలో కుదరదు. మీరు ఆగి, మాట పూర్తిచేస్తే చెప్తాను."

వెనకాల వస్తున్న దూదిబాబు ఆమె భుజానికి తగిలి ఆగాడు. మన మంత్రి ఆమెను కొరికేసేలా చూశాడు. ఇక మిగిలింది పెద్దాయన. ఇలాంటప్పుడు ఆయనే అందుకుని "ఏవో కుటుంబ విషయాలు అడుగుతున్నారు" అని ఒక ముక్క పడేస్తే చాలు, నడక మళ్ళీ సాగిపోతుంది. అందరూ ఆయన వైపు చూశారు. పెద్దాయన తన మంత్రి మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మా పద్ధతి కూడా అదేనండి," అన్నాడు రెండు భాషల్లోనూ. "ఆగితేనే చెప్పగలం."

ఆ ముసలాయన తిరిగి వెళ్ళాల్సింది ఆ దేశానికే! దుభాషికి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అతిథి మంత్రి చిరాగ్గా ఏదో అడిగాడు. పెద్దాయన అనువదించాడు. "మీరేదో అన్నారు, ఏమిటని అడుగుతున్నారు."

కెమెరాలు టకటకమంటున్నాయి. మన మంత్రి నోటి చివర "ఏమీ లేదు" అన్న మాట వచ్చి కూర్చుంది. అది ఆమెకు కనపడుతూనే ఉంది. ఆయన ఏమీ లేదంటే ఆమె కూడా ఏమీ లేదని చెప్పి తీరాలి. ఇన్నేళ్ళ పరువు అదే. చెప్పాక కుట్టుపిల్ల మొహం ఎలా చూస్తుంది?

"మీరేం చెప్తే అదే చెప్తాను సార్," అంది ఆమె, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ. "ఒక్క మాట తగ్గించను."

మన మంత్రి కుర్చీ కోసం నానా గడ్డీ కరిచి పైకొచ్చిన మనిషే. కానీ పదిమంది చూస్తుండగా ఒక ఆడమనిషి ప్రాణం గురించి ఏమీ లేదని అనడానికి ఆయనకి నోరు రాలేదు. గుండీ మీదనుంచి చెయ్యి తీశాడు.

"మీ జైల్లో ఒక మంత్రసాని ఉంది," అన్నాడు. గొంతు ముందు బొంగురుగా వచ్చి తర్వాత సర్దుకుంది. "మతం మారిందని లోపలేశారు. అది ఆవిడకీ ఆవిడ దేవుడికీ సంబంధించింది. ఆవిణ్ణి వదిలెయ్యండి. మీ దగ్గర ఉండటం ఇష్టం లేకపోతే మాకివ్వండి. కూతురు ఇక్కడే ఉంది. వీసా..." వెనక్కి చూశాడు.

"సిద్ధంగా ఉంది సార్," అన్నాడు దూదిబాబు. ఆ మాటకి ఎక్కడా దూది లేదు.

దుభాషి చెప్పింది. పొల్లు పోకుండా, తాపీగా, అందరికీ వినపడేలా చెప్పింది. అతిథి మంత్రి మొహం ఎర్రబడింది.

"ఇది మా ఇంటి వ్యవహారం. తండ్రితాతల మతం వదిలేసిన మనిషి ఆవిడ. రేపు మీ కూతురే మీ మతం వదిలేస్తే మీరు ఊరుకుంటారా?"

ఆమె అది కూడా ముల్లు తియ్యకుండా యథాతథంగా చెప్పింది. మన మంత్రికి ఒక్కతే కూతురు. ముక్కుమీద కోపం ఆయనకి కొత్తేమీ కాదు.

"ఊరుకోను! ఇల్లు పీకి పందిరేస్తాను. నెల రోజులు దానితో మాట్లాడను. కానీ నా కూతురి మీద ఏ పోలీసన్నా చెయ్యేస్తే ఆ చెయ్యి విరగ్గొడతాను. అదయ్యా ఇంటి వ్యవహారమంటే!"

దూదిబాబు కళ్ళు మూసుకున్నాడు. దుభాషి విరగ్గొడతానన్న మాటతో సహా అంతా చెప్పేసింది. అతిథి పరివారంలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు.

"పదండి," అన్నాడు మన మంత్రి. "కూర్చుని మాట్లాడుకుందాం. భోజనం తర్వాత చేద్దాం, సంతకాలు ఆ తర్వాత చూద్దాం."

మళ్ళీ లోపలికి నడిచారు. తలుపులు మూశారు, ఫొటోలవాళ్ళు బయటే ఉండిపోయారు. బల్ల మీద రైలు పెట్టెల బొమ్మలు పక్కకి జరిగాయి. మధ్యాహ్నమంతా గొడవే. అతిథి మంత్రి రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. వదులుతానని అనలేదు, వదలనని కూడా అనలేదు. మా రాజధానిలో మాట్లాడి చెప్తానన్నాడు. "అలాగే మాట్లాడండి," అన్నాడు మన మంత్రి. "మా సంతకం మా కలంలోనే ఉంటుంది. ఆవిడ ఇక్కడ విమానం దిగిన రోజు పెడతాను." దుభాషి నోరు ఎండిపోయేదాకా చెప్తూనే ఉంది. ఎదురుగా పెద్దాయన ఆ రోజు ఒక్క మాట కూడా గుండ్రంగా చెయ్యలేదు.

మర్నాడు దూదిబాబు ఆమెను పిలిపించి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. టీ వచ్చిందంటేనే ఆమెకు విషయం అర్థమైపోయింది.

"కొన్నాళ్ళు మిమ్మల్ని పిలవలేమమ్మా. మంత్రిని గుమ్మంలో ఆపిన దుభాషి అని పేరు పడింది."

"పడనివ్వండి సార్," అందామె. ఈసారి టీ వేడిగా ఉండగానే తాగింది.

ఆ తర్వాత రోజులు నరకం. ఆ దేశం నుంచి ఉలుకూ పలుకూ లేదు. కుట్టుపిల్ల సాయంత్రాలు వీళ్ళింటికొచ్చి కూర్చునేది. వాళ్ళని రెచ్చగొట్టి అమ్మను పోగొట్టుకున్నానేమోనని ఒకరోజు, అడక్కపోయినా పోయేదేగా అని ఒకరోజు ఏడ్చేది. దూదిబాబు చెప్పిన ఆ మాయమైన మనిషి దుభాషి కళ్ళలో మెదులుతూనే ఉన్నాడు. గడువు దాటింది. కోర్టులో మంత్రసాని మళ్ళీ అననంది. జడ్జి శిక్ష చెప్పలేదు, వాయిదా వేశాడు. ఆ వాయిదా వార్త విన్నప్పుడు దుభాషి తల్లి లేచి వెళ్ళి, వేళ కాని వేళ ప్రార్థన చేసుకుంది. ఎవరికోసమని కూతురు అడగలేదు.

చివరికి ఒక ఉదయం దూదిబాబే ఫోన్ చేసి విమానం వేళ చెప్పాడు.

ముగ్గురూ వెళ్ళారు. గాజు తలుపులు తెరుచుకుని మంత్రసాని వచ్చింది. సగం మనిషైపోయింది. చేతిలో ఒక గుడ్డసంచీ. కూతురు పరుగెత్తి మెడకి చుట్టుకుంటే, ఆ పిల్ల వీపంతా తడిమి చూసి "ఎముకలు తగుల్తున్నాయేంటే, తింటున్నావా అసలు?" అంది. అలా అంటున్న మనిషి పుల్లలా ఉంది.

దుభాషి తల్లి ఎన్నాళ్ళుగానో కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టింది. "ఏమ్మా, ఆ ఒక్క మాట అనేసి వచ్చేదానివి కదా! పైకి ఒకటని లోపల ఇంకోటనుకుంటే ఎవడికి తెలుస్తుంది? పిల్లని ఇంత క్షోభ పెడతావా?"

మంత్రసానికి కోపం రాలేదు. "నొప్పులు పడే ప్రతి ఆడదానికీ, ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, ఇంకొంచెమే అని చెప్పి చెప్పి, నా వంతు రాగానే నేను పారిపోతే ఏం బాగుంటుందక్కా?"

"మాటలకేం తక్కువ లేదు," అని గొణుక్కుంటూ దుభాషి తల్లి ఆవిడ చేతిలో సంచీ లాక్కుని భుజానికి తగిలించుకుంది.

మంత్రసాని దుభాషి వైపు తిరిగింది. "అడిగింది మీరేనటగా. మా గదిలో దుప్పట్లిచ్చారు, అందరికీ ఇచ్చారు." రెండు చేతులూ పట్టుకుంది. ఆ పట్టు ఊపిరాడనివ్వనంత గట్టిగా ఉంది. "కానీ నన్నొక్కదాన్నే లాక్కొచ్చారమ్మా. లోపల ఇంకా నలుగురున్నారు, నాలాంటివాళ్ళే. అందులో ఒక పిల్లకి ఎనిమిదో నెల. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. రోజూ పొట్ట మీద చెయ్యేసి చూసేదాన్ని. నేనొచ్చేశాను. ఇప్పుడు దాని పక్కన ఎవరున్నారు?"

చుట్టూ జనం పెట్టెలు తోసుకుంటూ పోతున్నారు. దుభాషి చేతులు విడిపించుకుని ఫోన్ తీసింది.

అవతల దూదిబాబు ఎత్తాడు. "దిగారా? చాలా సంతోషం. మంత్రిగారు సంతకానికి..."

"సంతకం ఆపించండి సార్."

"ఏమ్మా? ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అన్నాడాయన, ఆఫీసు అలవాటు కొద్దీ.

ఇన్నేళ్ళలో ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

"నా తరఫునే సార్," అంది. "జైల్లో ఒక గర్భిణి ఉంది, ఎనిమిదో నెల. ఇంకో ముగ్గురున్నారు. చెప్తాను, రాసుకోండి."